తిత్లీ తుపాను మిగిల్చిన నీచు కంపు: ఫ్రీజర్‌లో ఏడేళ్లుగా వెనిగర్, బొగ్గు సంచి వాడి చూశాక

మాది శ్రీకాకుళం జిల్లాలో పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఫ్రీజర్‌లో అంతకు ముందు ఆదివారం కొన్న కోనాం చేప ముక్కలు, రెండు కిలోల రొయ్యలు ఉన్నాయి. కరెంటు స్తంభాలు వీధికి అడ్డంగా పడిపోయాయి. మూడో రోజు పిల్లల్ని తీసుకుని విజయనగరంలో మా అక్క ఇంటికి వెళ్లిపోయాం. ఆ టెన్షన్‌లో ఫ్రీజర్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పది రోజుల తర్వాత వచ్చి తలుపు తీస్తే, ఆ కంపుకి మా పెద్దాడు వీధిలోకి పరుగెత్తాడు.

అదే ఫ్రిజ్ ఇప్పటికీ వాడుతున్నాం. రెండు తలుపులది, ఫ్రాస్ట్ ఫ్రీ, అంటే మంచు గడ్డకట్టి పేరుకోని రకం. అప్పట్లో అందరూ పారేయమన్నారు. పారేయక్కర్లేదని నా అనుభవం, కానీ ఓపిక ఉండాలి.

మొదట అందరిలాగే వంట సోడా పట్టుకున్నాను. లీటరు గోరువెచ్చని నీళ్లకి రెండు పెద్ద చెంచాలు కలిపి మూడుసార్లు తుడిచాను. జిడ్డు పోయింది, పులిసిన పాల వాసన పోయింది, నీచు మాత్రం అలాగే ఉంది. నిమ్మచెక్కలు పెడితే నాలుగో రోజుకి బూజు పట్టాయి. గిన్నెలో కాఫీ పొడి పెడితే కింద గదిలోని పాలకి కాఫీ వాసన అంటుకుంది. ఫ్రాస్ట్ ఫ్రీలో ఒకే ఫ్యాను పైకీ కిందికీ చల్లగాలి తిప్పుతుంది కాబట్టి పైన ఏ వాసన ఉంటే కిందికీ అదే దిగుతుంది. నాఫ్తలీన్ ఉండలు పెట్టమని ఒకరు చెప్పారు. తిండి పెట్టే చోట వాటిని దయచేసి పెట్టకండి, అవి విషం.

దారి చూపించింది మా అత్తయ్య. నేను సోడా నీళ్లతో కుస్తీ పడుతుంటే చూసి, "చేపలు తోమేక చేతికి ఏటి రాసుకుంటావమ్మా? సోడానా? చింతపండే కదా!" అన్నారు. నిజమే కదా అనిపించింది. సముద్రపు చేప పాడయ్యేటప్పుడు ట్రైమిథైలమీన్ అనే పదార్థం పుడుతుంది, నీచు కంపులో పెద్ద వాటా దానిదే. అది క్షారం, సోడా కూడా క్షారమే, కాబట్టి ఒకదాని మీద ఒకటి పనిచేయదు. పులుపు తగిలితే అది లవణంగా మారిపోయి గాల్లోకి లేవదు. ఫ్రిజ్‌కి చింతపండు పూయలేం కాబట్టి తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి తుడిచాను. పావుగంట ఆగి మళ్లీ మంచినీళ్లతో తుడిచాను. ఒక్క పూటలో సగానికి సగం తగ్గింది. సోడా, వెనిగర్ ఒకేసారి కలిపితే రెండూ విరిగిపోయి దేనికీ పనికిరావు. బ్లీచింగ్‌తో వెనిగర్ కలిపితే విషవాయువు వస్తుంది, ఆ పని అస్సలు చేయకండి.

మిగతా సగం ఎక్కడుందో వెతకడానికి రెండు రోజులు పట్టింది. తలుపు రబ్బరు మడతలో చెవిపుల్ల పెట్టి లాగితే ముదురు గోధుమరంగు జిగురు వచ్చింది. మొత్తం చుట్టూ తీసేసరికి ముప్పైకి పైగా చెవిపుల్లలు అయిపోయాయి. అసలు కంపు ఇంకోచోట ఉంది. ఈ రకం ఫ్రిజ్‌లో మంచు దానంతట అదే కరిగి, గొట్టం గుండా వెనక కంప్రెసర్ పైనున్న ట్రేలోకి దిగుతుంది. చేపల నీళ్లూ అదే దారిన దిగాయి. మెకానిక్‌ని పిలిచి ప్లగ్గు తీసేసి వెనక రేకు విప్పిస్తే, ట్రే అడుగున నల్లటి పొర ఎండి అతుక్కుని ఉంది. దాన్ని తోమి, గొట్టంలో వెనిగర్ నీళ్లు పోయించాక ఇల్లంతా తేలికపడింది. ఇన్నాళ్లూ లోపల ఎంత తుడిచినా ఏం లాభం!

బొగ్గు సంచి ఆ తర్వాతే కొన్నాను. యాక్టివేటెడ్ చార్‌కోల్, అంటే వాసనలు పీల్చుకునేలా తయారుచేసిన బొగ్గు, రెండొందల గ్రాములది. ముందు రెండు వారాలు ఫ్రీజర్ ఆపేసి, లోపల ఉండలు చుట్టిన పాత పేపర్లతో పాటు ఈ సంచి పెట్టాను. పేపర్లు రోజూ మార్చాను. ఇది మంచి వస్తువే, కానీ మురికి లోపల ఉండగా పెడితే డబ్బు దండగ. నెలకోసారి ఎండలో పెడితే మళ్లీ కొత్తదవుతుందని అట్ట మీద రాస్తారు. ఎండకి చెమ్మ పోతుంది గానీ పీల్చుకున్న వాసనంతా పోదు. ఏడాది తిరిగేసరికి పట్టు తగ్గిపోతోంది, నేను ఏటా దసరాకి మారుస్తున్నాను.

వాసన పోయిందో లేదో చల్లగా ఉన్నప్పుడు తెలియదు. చలికి వాసన పైకి లేవదు కాబట్టి ముక్కు మోసపోతుంది. స్విచ్చి ఆపేసి, ఖాళీ ఫ్రీజర్ తలుపు ఒక రాత్రి మూసి ఉంచి పొద్దున్నే తెరవండి. అప్పుడు తగిలేదే అసలు వాసన. నా రెండో పరీక్ష కొబ్బరి కోరు. కొవ్వు ఉన్న పదార్థం వాసనని ఇట్టే పట్టేస్తుంది. ఆ ఏడాది మేం ఫ్రీజర్‌లో దాచుకున్న జీడిపప్పు కూడా నీచు కొట్టి పారబోయాల్సి వచ్చింది. జీడిపప్పుకి పేరుపడ్డ పలాస వాళ్లకి అదెంత బాధో చెప్పక్కర్లేదు. ఇప్పుడు చిన్న గిన్నెలో కోరు మూత లేకుండా రెండు రోజులు పెట్టి, పచ్చడి చేసి అత్తయ్యకి పెడతాను. ఆవిడ ఊఁ అంటేనే లెక్క.

ఈ ఏడేళ్లలో చేపల్ని క్యారీబ్యాగ్‌లో పెట్టడం మానేసి, కడిగి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాల్లో పెడుతున్నాను. తుపాను హెచ్చరిక వస్తే చేపలన్నీ వండేస్తాం, లేదా పక్కింటికి ఇచ్చేస్తాం. తలుపు తీయకపోతే నిండు ఫ్రీజర్ దాదాపు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లదనం నిలుపుతుంది. అంతకు మించి దాన్ని నమ్ముకోలేం.

ఎన్ని చేసినా ఐస్ ట్రే ఒక్కటి దారికి రాలేదు. ప్లాస్టిక్ ఆ కంపుని లోపలికి పీల్చేసుకుంది. నాలుగుసార్లు వెనిగర్‌లో నానబెట్టినా మజ్జిగలో వేసిన ఐసు ముక్క నీచు కొడుతూనే ఉండేది. దాన్ని పారేసి స్టీలుది తెచ్చుకున్నాను.