హిమాలయన్ 411కు ఫ్యూయల్ మాడ్యూల్: 24 వేల కిలోమీటర్లు తిరిగాక

నా బీఎస్6 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు పిగ్గీబ్యాక్ ఫ్యూయల్ మాడ్యూల్, అంటే బండి కంప్యూటర్‌కూ (ఈసీయూ) ఇంజన్‌కూ మధ్య కూర్చుని పెట్రోలు పెంచే చిన్న పెట్టె, బిగించి మూడేళ్లు దాటింది. ఆ తర్వాత మీటరు మీద 24 వేల కిలోమీటర్లు చేరాయి. సైలెన్సర్ కంపెనీదే, ఎయిర్ ఫిల్టరూ కంపెనీదే. ఇంజన్‌లో ఇంకేమీ కదపలేదు కాబట్టి మారినదంతా ఈ ఒక్క వస్తువు వల్లేనని గట్టిగా చెప్పగలను.

పవర్ కోసమైతే కొనొద్దు. 411 సీసీ ఇంజన్ ఇచ్చే 24.3 బీహెచ్‌పీ దీనితో చెప్పుకోదగ్గంత పెరగదు. టాప్ స్పీడు ఎంతుండేదో అంతే ఉంది. మైలేజీ పెరుగుతుందని అమ్మేవాళ్లు చెబితే నమ్మొద్దు, పెట్రోలు ఎక్కువ పోయడమే దీని పని. డబ్బు పెట్టాల్సింది ఒకే ఒక్క ప్రయోజనానికి: 2,000 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్య, యాక్సిలరేటర్ సగం కూడా తిప్పనప్పుడు, బండి ముక్కకుండా సాఫీగా లాగడానికి. ట్రాఫిక్‌లోనూ ఘాట్ రోడ్డులోనూ ఇంజన్ ఎక్కువసేపు ఉండేది అక్కడే కాబట్టి తేడా రోజూ తెలుస్తుంది.

ఈ ముక్కుడు ఎందుకొస్తుందో తెలిస్తే మాడ్యూల్ నుంచి ఎంత ఆశించాలో తెలుస్తుంది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయాలంటే గాలి, పెట్రోలు లాంబ్డా 1 దగ్గర, అంటే పెట్రోలు మొత్తం కాలడానికి సరిగ్గా సరిపడే పాళ్లలో, ఉండాలి. కల్తీలేని పెట్రోలుకు అది బరువులో 14.7కి 1. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సార్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ సమాచారం ఇస్తుంది. 0.45 కంటే కింద ఉంటే లీన్ (పెట్రోలు తక్కువ), పైన ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ). ఈసీయూ ఆ గీత దగ్గరే పెట్రోలును కాస్త తగ్గిస్తూ కాస్త పెంచుతూ నడుపుతుంది. పొగ శుభ్రంగా రావడానికి ఇది సరైన లెక్కే. కానీ 86 మిల్లీమీటర్ల స్ట్రోకున్న పెద్ద సింగిల్ సిలిండర్ తక్కువ ఆర్‌పీఎంలో ఇంకాస్త రిచ్‌గా ఉంటేనే హాయిగా నడుస్తుంది.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు లాంబ్డా 1 అంటే దాదాపు 14.1కి 1, ఇరవై శాతం ఉంటే 13.5 దగ్గరికి వస్తుంది. సెన్సార్ మాట వినే క్లోజ్డ్ లూప్‌లో ఈసీయూ ఈ తేడాను సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ బాగా తిప్పి ఓపెన్ లూప్‌లోకి వెళ్లినప్పుడు మాత్రం రాసి ఉన్న పట్టిక ప్రకారమే పోస్తుంది. ఈ10ను దృష్టిలో పెట్టుకుని ట్యూన్ చేసిన బండి అక్కడ సుమారు 4 శాతం లీన్ అయినట్టే. ఎండాకాలం మధ్యాహ్నం వెనక మనిషిని ఎక్కించుకుని పై గేరులో చడావు ఎక్కేటప్పుడు వినిపించే టకటక శబ్దానికి ఇదీ ఒక కారణం.

మాడ్యూల్ రెండు చోట్ల చెయ్యి పెడుతుంది. ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజీని కాస్త తగ్గించి ఈసీయూకి చూపిస్తుంది. లీన్‌గా ఉందనుకుని ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. రెండోది ఇంజన్‌కు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్. ఇంజెక్టర్‌కు 12 వోల్టులు ఎప్పుడూ అందుతుంటాయి, ఈసీయూ ఎర్త్ ఇచ్చినంతసేపే అది తెరుచుకుంటుంది. ఆ ఎర్త్ వైరు మధ్యలో కూర్చుని మాడ్యూల్ ఆ సమయాన్ని కొన్ని శాతం సాగదీస్తుంది. చవక రకాలు సెన్సార్ వైపు మాత్రమే ఆట ఆడతాయి, ఇంజెక్టర్ జోలికి పోవు. వాటితో ఓపెన్ లూప్‌లో ఏ మార్పూ ఉండదు. కొనేముందు పెట్టెలోని వైరింగ్ చూడండి. ఇంజెక్టర్‌కు తగిలించే కప్లర్ల (వైర్లను కలిపే ప్లాస్టిక్ మూతుల) జత లేకపోతే పక్కన పెట్టేయండి.

అసలు కొనేముందు బండి ఆరోగ్యం చూడాలి. 411లో జర్క్ అని చెప్పుకునే వాటిలో సగం చైన్ వదులు వల్ల వచ్చేవే. చైన్ లూజు మాన్యువల్‌లో చెప్పినంత పెట్టండి. యాక్సిలరేటర్ కేబుల్ ఆట 2–3 మిల్లీమీటర్లకు మించకుండా చూడండి. థ్రాటిల్ బాడీలో నల్లటి మసి పట్టి ఉంటే క్లీనర్‌తో తుడవండి. టాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గరి సందు) చూపించండి. ఈ నాలుగూ చేశాక జర్క్ పోతే మాడ్యూల్‌కు పెట్టే పది వేలు మిగిలినట్టే.

అన్నిటికంటే ముఖ్యం, ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు పొగ తీసుకెళ్లే బెండ్ పైపు జాయింటు. సిలిండర్ హెడ్ దగ్గర ఆ గ్యాస్కెట్ కొద్దిగా లీకైనా బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సార్‌కు తగులుతుంది. సెన్సార్ లీన్ అంటుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, దాని మీద మాడ్యూల్ ఇంకొంచెం పెంచుతుంది. అప్పుడు ప్లగ్గు నల్లబడుతుంది, తప్పు మాడ్యూల్ మీదికి పోతుంది. పరీక్ష సులువే. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండగా జాయింటు చుట్టూ సబ్బునీళ్లు రాసి, స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతిని రెండు మూడు సెకన్లు అదమండి. బుడగలొస్తే ముందు గ్యాస్కెట్ మార్చండి.

ఇక బిగించడం. మొదటిసారి అయితే గంటన్నర పెట్టుకోండి. ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉన్నప్పుడు చేస్తే ఎత్తడం తేలిక. సీట్లు తీసి, 10 నంబరు పానాతో బ్యాటరీ నెగెటివ్ ముందుగా విప్పాలి. తాళం ఆపాం కదా అని దీన్ని వదిలేయొద్దు. ట్యాంకు పక్కనుండే రాక్‌లు అడ్డొస్తాయి, వాటి బోల్టులు విప్పి, ట్యాంకు వెనక బోల్టు తీసి, కింద ఒక చెక్క ముక్క పెట్టి కాస్త లేపితే ఇంజెక్టర్ కప్లర్‌కు చెయ్యి అందుతుంది. పెట్రోలు పైపు విప్పాల్సిన పని లేదు, విప్పొద్దు కూడా.

కప్లర్‌ను వైరు పట్టుకుని లాగకూడదు. లాక్ నాలుకను బొటనవేలితో నొక్కి, ప్లాస్టిక్ భాగాన్నే పట్టుకుని తీయాలి. లోపల నారింజ రంగులోనో బూడిద రంగులోనో రబ్బరు సీల్ ఉంటుంది. అది పాత కప్లర్‌తో ఊడి పడిపోయిందేమో చూసుకోండి, అది లేకపోతే మొదటి వానకే నీళ్లు దిగుతాయి. మాడ్యూల్ వైరింగ్‌లో ఒక మూతి ఇంజెక్టర్‌కు, రెండో మూతి బండి వైరింగ్‌కు. ఆక్సిజన్ సెన్సార్‌కూ అలాగే. ప్రతి కప్లర్ టక్కుమని కూర్చోవాలి. ఆ శబ్దం రాకపోతే కూర్చోనట్టే.

మాడ్యూల్ ఎర్త్ వైరును బ్యాటరీ నెగెటివ్ బోల్టుకే కలపండి. దగ్గరగా ఉందని ఛాసిస్ బోల్టుకు కలుపుతారు, పెయింటు మీద సరైన ఎర్త్ దొరకదు. సెన్సార్ సిగ్నల్ మొత్తమే ఒక వోల్టు లోపు కాబట్టి ఎర్త్‌లో 0.1 వోల్టు తేడా వచ్చినా లెక్క తప్పుతుంది. వైర్లను ప్లగ్గు వైరుకూ ఇగ్నిషన్ కాయిల్‌కూ దూరంగా లాగండి. బెండ్ పైపు వైపు వెళ్లే ముక్కకు ఫైబర్ గ్లాస్ స్లీవ్ తొడగండి. జిప్ టైలు బిగించేముందు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడా వైరు లాగబడటం లేదని చూడండి. పెట్టెను సీటు కింద వెల్‌క్రోతో అతికించేటప్పుడు వైర్లు వచ్చే మూతి కిందికి ఉండాలి. పైకి ఉంటే వైరు వెంబడి జారిన నీరు తిన్నగా లోపలికి పోతుంది.

బ్యాటరీ కలిపి తాళం తిప్పండి. పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు గుర్రుమని ఆగాలి. స్టార్ట్ చేశాక ఇంజన్ చెక్ లైటు ఆరిపోవాలి. ఐడిల్‌లో ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి రోడ్డెక్కండి. మొదటి వంద కిలోమీటర్లలో తీర్పు చెప్పొద్దు. ఈసీయూ తన పాత సర్దుబాట్లను మార్చుకోవడానికి అంత సమయం పడుతుంది.

మ్యాప్, అంటే ఎంత పెట్రోలు పెంచాలో చెప్పే సెట్టింగ్, ఎంచుకోవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. పెట్టె మీద చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పే స్విచ్ ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ పెట్రోలు పెరుగుతుంది. కంపెనీ సైలెన్సర్ ఉన్న బండికి అట్టడుగు రెండు మూడు మ్యాప్‌లు చాలు. రెండో మ్యాప్‌లో మూడో గేరులో గంటకు 30 కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేటర్ మెల్లగా తిప్పితే, ఇదివరకు కొట్టుకుంటూ లేచే బండి ఇప్పుడు సాఫీగా లేస్తుంది. ఐదో గేరులో 50 దగ్గర లాగమన్నా మొరాయించదు. ఐదో మ్యాప్‌లో మొదటి రోజు ఇంకా బాగున్నట్టే అనిపిస్తుంది, కానీ అది మొదటి రోజు మాటే. వారం తిరిగేసరికి ట్రాఫిక్‌లో ఆపినప్పుడు పచ్చి పెట్రోలు వాసన, వేడి ఇంజన్‌కు సెల్ఫ్ కొడితే రెండోసారికి గానీ అందుకోకపోవడం మొదలవుతాయి.

ప్లగ్గు విప్పి చూస్తే తేడా కళ్లకు కనబడుతుంది. రెండో మ్యాప్‌లో వెయ్యి కిలోమీటర్లు తిరిగాక పింగాణీ లేత గోధుమ రంగులో ఉంది, లోపల అడుగున సన్నటి నల్ల ఉంగరం మాత్రమే. ఐదో మ్యాప్‌లో 400 కిలోమీటర్లకే పింగాణీ సగం దాకా, వేలికి అంటుకునే పొడి మసి. అలాగే నడిపితే కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది, రోజూ రెండు మూడు కిలోమీటర్ల దూరాలే తిరిగే బండ్లలో ఇది మరీ ఎక్కువ. ఆయిల్ కిటికీలో మట్టం పెరిగినట్టు కనబడినా, ఆయిల్ మూత విప్పితే పెట్రోలు వాసన కొట్టినా వెంటనే మ్యాప్ తగ్గించి ఆయిల్ మార్చేయాలి. కన్వర్టర్‌కూ అది చేటే, కాలని పెట్రోలు అందులోకెళ్లి మండి దాన్ని అతిగా వేడెక్కిస్తుంది.

మైలేజీ లెక్క ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ట్యాంకు నిండా కొట్టించి మళ్లీ నిండా కొట్టించే పద్ధతిలో మూడేసి ట్యాంకులు చూసింది. మాడ్యూల్ లేకుండా లీటరుకు 31. రెండో మ్యాప్‌లో 29 చిల్లర. ఐదో మ్యాప్‌లో 26. పదిహేను లీటర్ల ట్యాంకు మీద రెండో మ్యాప్‌తో పోయేది పాతిక కిలోమీటర్ల దాకా, సాఫీదనానికి ఆ మాత్రం ఇవ్వొచ్చు. ఐదుకు పోయేది 75. అది దండగ.

ఘాట్లలో దీని విలువ బాగా తెలుస్తుంది. శ్రీశైలం దారిలోనూ అరకు ఎక్కేటప్పుడూ హెయిర్‌పిన్ మలుపు మధ్యలో రెండో గేరులో యాక్సిలరేటర్ మూసి మళ్లీ తెరిచే క్షణం ఒకటి ఉంటుంది. మాడ్యూల్ లేని బండి అక్కడ ఒక్కసారిగా అందుకుని లైన్ చెదరగొడుతుంది. ఇప్పుడు ఆ దెబ్బ మెత్తబడింది, పూర్తిగా పోలేదు. ఎందుకంటే యాక్సిలరేటర్ మూసినప్పుడు ఈసీయూ ఇంజెక్టర్‌ను పూర్తిగా ఆపేస్తుంది. సున్నాను ఎన్ని శాతం పెంచినా సున్నానే. మళ్లీ మొదలయ్యేటప్పుడు వచ్చే తూలు ఈసీయూ లోపలి ప్రోగ్రాం మారిస్తే తప్ప పోదు. దిగుడులో సైలెన్సర్ నుంచి వచ్చే టప్ టప్ కూడా తగ్గిందే గానీ మాయం కాలేదు.

ఇంజన్ వేడి సంగతి. హైవేలో 90 దగ్గర గంటసేపు నడిపాక ఇంజన్ శబ్దంలో గరుకుదనం తగ్గింది, ఎండలో చడావు మీద టకటక దాదాపు పోయింది. సిగ్నల్ దగ్గర కాళ్లకు తగిలే సెగ మాత్రం ఏమీ తగ్గలేదు.

మూడేళ్లలో వచ్చిన లోపాలు రెండు, రెండూ కప్లర్ల దగ్గరే. మొదటిది 3,500 ఆర్‌పీఎం దాటితే రెండు మూడు సెకన్లు మిస్సింగ్, తర్వాత మామూలు. ఇంజన్ చెక్ లైటు రాదు, ఐడిల్ బాగుంటుంది. ఇంజెక్టర్ కప్లర్ తీసి టార్చి వేసి చూస్తే రెండు పిన్నుల్లో ఒకటి అర మిల్లీమీటరు వెనక్కి జరిగి ఉంది. నిలబడి ఉంటే తగులుతుంది, వైబ్రేషన్ ఎక్కువైతే వదిలేస్తుంది. వెనక నుంచి సన్నటి స్క్రూడ్రైవర్‌తో నెట్టి టక్కుమనిపిస్తే సరిపోయింది. రెండోది ప్రెషర్ వాటర్‌తో కడిగించిన మూడో రోజు వచ్చింది. చెక్ లైటు వెలిగింది, ఐడిల్ పైకీ కిందికీ ఊగింది. సెన్సార్ కప్లర్‌లో పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, రబ్బరు సీల్ మీద డైఎలక్ట్రిక్ గ్రీజు పల్చగా రాశాక మళ్లీ రాలేదు. అప్పటినుంచి తొలకరికి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి నాలుగు కప్లర్లూ విప్పి చూడటం సర్వీసులో భాగమైంది.

దీనికి బదులు గాలి ఉష్ణోగ్రత సెన్సార్‌కు తగిలించే చిన్న ప్లగ్గులు దొరుకుతాయి. ఆ సెన్సార్‌కు చలి పెరిగితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, వరసలో ఇంకో రెసిస్టర్ కలిపితే బయట చలిగా ఉందనుకుని ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. కానీ క్లోజ్డ్ లూప్‌లో ఆక్సిజన్ సెన్సార్ ఆ పెంచినదాన్ని తిరిగి కోసేస్తుంది. మైలేజీ చిప్‌ల పేరుతో అమ్మేవాటిలో కొన్ని లోపల ఇవే. సైలెన్సర్, ఫిల్టర్, రెండూ మార్చినవాళ్లకు మాత్రం డైనో (ఇంజన్ పవర్ కొలిచే యంత్రం) మీద ఈసీయూ ట్యూన్ చేయించడమే మేలు, మాడ్యూల్‌తో అక్కడ ఊహే తప్ప కొలత ఉండదు. హిమాలయన్ 450 వాళ్లు దీన్ని తెచ్చుకోవద్దు. అది 452 సీసీ లిక్విడ్ కూల్డ్, యాక్సిలరేటర్‌కు కేబులే లేని రైడ్ బై వైర్ బండి, కప్లర్లూ మ్యాప్‌లూ వేరు.

చట్టం, వారంటీ సంగతి కూడా తెలుసుకుని దిగాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లను మార్చడాన్ని అనుమతించదు. వారంటీలో ఉన్న బండికి ఇంజన్, వైరింగ్ క్లెయిములు తిరస్కరించే అవకాశం ఉంది కాబట్టి వారంటీ ముగిసేదాకా ఆగడమే మంచిది. పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువొస్తే మ్యాప్ ఎక్కువైందని అర్థం. పరీక్ష కోసం ఒకరోజు తగ్గించి మళ్లీ పెంచడం కాదు, పాసయ్యే మ్యాప్‌లోనే రోజూ నడపాలి.

ఎక్కడా వైరు కోయలేదు, టేపు చుట్టలేదు. తీసేయాలనుకుంటే అరగంట పని: నాలుగు కప్లర్లు విప్పి, బండి కప్లర్లను నేరుగా కలిపి, ఎర్త్ వైరు తీసేస్తే బండి షోరూం నుంచి వచ్చినట్టే ఉంటుంది. కోసి అతికించే రకం మాడ్యూల్‌ను ఎవరైనా చూపిస్తే, సగం ధరకిచ్చినా తీసుకోవద్దు.