పోల్తావా నల్లనేల మీద ఒక ఆగస్టు

ఉక్రెయిన్‌లో పోల్తావా అనే ఊరు ఉందని మన దగ్గర ఎక్కువగా తెలిసింది మెడిసిన్ విద్యార్థుల ఇళ్ళల్లోనే. మా మేనల్లుడు అక్కడ చదివే రోజుల్లో, 2019 ఆగస్టులో నేను వెళ్ళాను. ఆ వేసవికి వాడు ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయాడు. వాణ్ణి చూసి కీవ్ వెళ్ళిపోదామనుకున్నదల్లా ఆ ప్రాంతమంతా తిరిగేదాకా సాగింది. ఇప్పుడక్కడ యుద్ధం ఉంది, కాబట్టి వెంటనే బయల్దేరమని చెప్పడం లేదు. పరిస్థితులు కుదుటపడ్డాక వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. పోల్తావాకు ప్రపంచంలో పేరు తెచ్చింది 1709 నాటి యుద్ధం. మీ సమయం మాత్రం అక్కడి మట్టిని నమ్ముకుని బతికిన పల్లెలకు ఇవ్వండి.

కీవ్ నుంచి పోల్తావాకు సుమారు 340 కిలోమీటర్లు. ఖార్కివ్ వైపు వెళ్ళే ఇంటర్‌సిటీ రైలు మూడు గంటలు అటూఇటూగా దింపేస్తుంది. శుభ్రమైన సీట్లు, చెప్పిన టైముకే బయల్దేరడం, కాఫీ దొరకడం, అన్నీ బాగున్నాయి. పోల్తావాలో రెండు స్టేషన్లున్నాయి, కీవ్‌స్కా, పివ్‌దెన్నా అని. టికెట్ మీద ఏది ఉందో చూసుకోండి. ఊళ్ళ మధ్య తిరగడానికి మర్ష్రుత్కా అనే చిన్న బస్సులే దిక్కు. వెనక కూర్చున్నవాళ్ళు డబ్బులు ముందువాళ్ళకిస్తే, చేతులు మారి డ్రైవర్‌కు చేరతాయి. చిల్లర కూడా అదే దారిలో, ఒక్క నాణెం తగ్గకుండా వెనక్కొస్తుంది. బస్టాండులో బోర్డులన్నీ సిరిలిక్ లిపిలోనే ఉంటాయి. ఆ అక్షరాలు రెండు సాయంత్రాలు కూర్చుంటే వచ్చేస్తాయి. నేర్చుకుని వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

కిటికీ పక్కన కూర్చుంటే ఆ ప్రాంతం స్వరూపం తేలిగ్గా అర్థమవుతుంది. ద్నిప్రో నదికి ఎడమ గట్టున, దాదాపు 28,700 చదరపు కిలోమీటర్ల మైదానం అది. సులా, ప్సెల్, వోర్స్క్లా నదులు దాన్ని కోసుకుంటూ పారి ద్నిప్రోలో కలుస్తాయి. ఊళ్ళు ఎక్కువగా నదుల కుడి ఒడ్డున, మెట్టగా ఉన్నచోట లేచాయి. పోల్తావా నగరం కూడా వోర్స్క్లా ఒడ్డున అలాంటి ఎత్తు మీదే ఉంది. మిగతాదంతా చెర్నోజెం, అంటే వాళ్ళ నల్లనేల. ఒక రోడ్డు పక్కన పైపుల కోసం కందకం తవ్వుతుంటే దిగి చూశాను. నడుము లోతు దాకా నల్లటి మట్టే. పిడికిట్లో నొక్కితే పొడిపొడిగా రాలింది. గోధుమ, మొక్కజొన్న, చక్కెర దుంప, పొద్దుతిరుగుడు పండే నేల అది. యుద్ధానికి ముందు మన దేశం దిగుమతి చేసుకున్న పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్‌దే. 2022లో మన వంటింట్లో నూనె ధర ఎందుకు మండిపోయిందో ఆ పొలాలు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

నగరం మధ్యలో గుండ్రటి పార్కు, అందులో 1709 గెలుపుకు గుర్తుగా ఇనుప స్తంభం, దాని మీద యుద్ధభూమి వైపు చూసే బంగారు పూత గద్ద. పార్కు చుట్టూ ఎనిమిది వీధులు చీలిపోతాయి కాబట్టి దారి తప్పినా మళ్ళీ అక్కడికే చేరతారు. వాసిల్ క్రిచెవ్‌స్కీ రూపకల్పనలో 1903–1908 మధ్య కట్టిన జెమ్‌స్త్వో (అప్పటి స్థానిక పాలక మండలి) భవనం నాకు ఆ నగరంలో అన్నిటికంటే నచ్చింది. ఇప్పుడది స్థానిక చరిత్ర మ్యూజియం. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉండే తలుపులు, మెలితిరిగిన స్తంభాలు, గోడల మీద రంగు పింగాణీ పలకలు. 1943లో జర్మన్లు వెనక్కి పోతున్నప్పుడు కాలిపోయింది, తర్వాత మళ్ళీ నిలబెట్టారు. లోపలి ప్రదర్శన ఓ మాదిరిగా ఉంది. బయటి గోడల కోసమైనా గంటసేపు ఆగాలి. కొత్త ఉక్రేనియన్ సాహిత్యానికి ఆద్యుడిగా చెప్పే ఇవాన్ కోత్ల్యారెవ్‌స్కీ ఈ ఊరివాడే. కొండ మీద ఆయన ఇంటిని మళ్ళీ కట్టి మ్యూజియం చేశారు, పక్కనే తెల్లటి స్తంభాల మండపం. సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది.

యుద్ధభూమి నగరం అంచున ఉంది. స్వీడన్ రాజు 12వ చార్లెస్, ఆయనతో చేయి కలిపిన కొసాక్ హెత్‌మాన్, అంటే కొసాక్ యోధుల అధిపతి మజెపా ఒకవైపు, రష్యా జార్ పీటర్ మరోవైపు. ఇప్పటి క్యాలెండర్ ప్రకారం 1709 జూలై 8న స్వీడన్ సైన్యం ఓడింది. అంతకు కొద్ది రోజుల ముందు కాలికి గుండు తగిలిన చార్లెస్‌ను యుద్ధంలోకి పల్లకీ లాంటి దాని మీద మోశారు. మూడు రోజుల తర్వాత, వోర్స్క్లా ద్నిప్రోలో కలిసే చోట మిగిలిన సైన్యం లొంగిపోయింది. మజెపా పరాయి గడ్డ మీద అదే ఏడాది చనిపోయాడు. రష్యా చరిత్రలో ద్రోహి అనిపించుకున్న ఆయనకు 2016లో పోల్తావా నడిబొడ్డున విగ్రహం లేచింది. గెలిచినవాడి స్తంభం, ఓడినవాడి విగ్రహం ఒకే ఊళ్ళో చూశాక ఆ దేశపు గొడవ కొంత తలకెక్కింది. ఆ మైదానానికి ఒక పూట చాలు. సైనిక చరిత్ర మీద ఇష్టమున్నవాళ్ళు టీయూ-160 లాంటి పెద్ద బాంబర్లున్న విమానాల మ్యూజియం కూడా చూడొచ్చు. 1944లో అమెరికా బాంబర్లు దిగి ఇంధనం నింపుకున్న స్థావరాల్లో పోల్తావా ఒకటి.

బస విషయానికొస్తే, రోజువారీ అద్దె ఫ్లాటు హోటల్ కంటే చవక, వంటకూ వీలు. నేను తీసుకున్న ఫ్లాటు ఓనరు ముందు చెప్పిన అద్దెకు చివర్లో శుభ్రం చేసిన ఖర్చని కొంత కలిపాడు. అన్నీ కలిపి ఎంతో ముందే మెసేజ్‌లో రాయించుకోండి. శాకాహారులు 'బెజ్ మ్యాసా' అనే మాట నేర్చుకుంటే తిండికి ఇబ్బంది లేదు. బంగాళదుంప, క్యాబేజీ, చెర్రీ లోపల పెట్టి ఉడికించిన కజ్జికాయల్లాంటి వరెనికీ ఎక్కడైనా దొరుకుతాయి. పోల్తావా వాళ్ళు ప్రాణంగా చూసుకునే హలూష్కీ పిండి ముద్దలు. వాటికి ఊళ్ళో విగ్రహమే ఉంది. వేయించిన ఉల్లిపాయతో, పుల్లటి మీగడతో వేడిగా తింటేనే రుచి. మాంసం లేకుండా అడిగి చేయించుకోండి.

ఒపిష్న్యా, పోల్తావా నగరానికి ఉత్తరాన 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న కుమ్మరి ఊరు. జాతీయ కుండల మ్యూజియం అక్కడుంది. ఆవరణలో మనిషెత్తు మట్టి శిల్పాలు గడ్డిలో నిలబడి ఉంటాయి. పొట్టేలు, సింహం ఆకారాల్లో చేసిన కూజాలు ఆ ఊరి ప్రత్యేకత. ఒక పనిశాలలో పెద్దావిడ సారె మీద పచ్చి పళ్ళెం పెట్టుకుని, చిన్న కొమ్ము లాంటి గొట్టంలోంచి రంగు మట్టిని గోరింటాకు కోన్‌లా జారవిడుస్తోంది. ముందు వలయాలు, వాటి మీద ఆకులు, చివర్న పువ్వు. చేయి ఒక్కసారీ తడబడలేదు. మేనల్లుడు పక్కనుంచి, "మామయ్యా, మ్యూజియం మూసే టైమైంది" అంటున్నా నేను కదల్లేదు. నగరంలో చూసిన జెమ్‌స్త్వో భవనం అలంకరణ మీద ఈ కుమ్మరుల చేయి పడింది. కొనాలనుకుంటే కుమ్మరి దగ్గరే కొనండి, నగరం కంటే అగ్గువ. బస్సులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు టైము దిగగానే కనుక్కోండి. ఒక రాత్రి అక్కడే ఉండగలిగితే మరీ మంచిది.

దికాంకాలో వందల ఏళ్ళ కొచుబేయ్ ఓక్ చెట్లు, 1820 నాటి విజయ తోరణం ఉన్నాయి. దారిలో ఆగితే సరిపోతుంది. వెలికీ సొరోచింత్సీలో మాత్రం చర్చి లోపలికి వెళ్ళండి. హెత్‌మాన్ దనీలో అపోస్తోల్ కట్టించిన చర్చి అది, రచయిత గొగోల్‌కు 1809లో బాప్తిస్మం ఇచ్చిందీ అక్కడే. చెక్కడపు బలిపీఠపు తెర మీద మెడనొప్పి పుట్టేదాకా బొమ్మలున్నాయి. ఆ ఊళ్ళో ఆగస్టులో జరిగే సంతలో రెషెతీలివ్కా ఊరివాళ్ళ తెల్ల గుడ్డ మీద తెల్ల దారం కుట్టు దొరికితే వదలకండి. జనం విపరీతం, పొద్దున్నే చేరాలి. బస మిర్‌హొరోద్‌లో చూసుకోండి. 1912లో అక్కడ తవ్విన బావిలో ఉప్పటి ఖనిజ జలం పడింది, దాని చుట్టూ శానటోరియంలు లేచాయి. భోజనంతో కలిపిన గది పెద్దవాళ్ళకు బాగుంటుంది. నీళ్ళ రుచి నాకు పట్టలేదు.

ఇంత పండే నేలలోనే 1932–33లో సోవియట్ ప్రభుత్వం ధాన్యం లాక్కుపోతే పల్లెలకు పల్లెలు ఆకలితో పోయాయి. ఆ కరువును వాళ్ళు హోలోదొమోర్ అంటారు. దాని స్మారక శిలువలు చాలా ఊళ్ళ శ్మశానాల్లో కనిపిస్తాయి. కనిపిస్తే ఆగండి. 2022 మార్చిలో సూమీలో చిక్కుకున్న సుమారు 700 మంది మన దేశపు విద్యార్థులను బస్సుల్లో తెచ్చింది పోల్తావాకే. అక్కణ్ణుంచి రైలెక్కి పశ్చిమ సరిహద్దు వైపు వెళ్ళారు. అదే ఏడాది జూన్‌లో క్రెమెంచూక్ షాపింగ్ మాల్ మీద, 2024 సెప్టెంబరులో పోల్తావాలోని సైనిక విద్యాసంస్థ మీద క్షిపణులు పడ్డాయి.

మళ్ళీ వెళ్ళగలిగే రోజున నగరానికి రెండు రోజులు, ఒపిష్న్యాకు రాత్రి బసతో ఒక రోజు, మిర్‌హొరోద్–సొరోచింత్సీకి రెండు రోజులు పెట్టుకోండి. క్రెమెంచూక్ పారిశ్రామిక నగరం, ద్నిప్రో జలాశయం చూడాలనుకుంటేనే అటు మళ్ళండి. వీలైతే ఆగస్టు రెండో సగంలో వెళ్ళండి, సంత కలిసొస్తుంది.