హత్య కథలో ఆఖరి పేజీలు లేని పుస్తకం అమ్మాడు, అడిగితే హంతకుడి పేరు గ్రూపులో పెట్టాడు. విజయనగరం పాఠకులూ, జాగ్రత్త

నిన్న రాత్రంతా నిద్ర లేదు. ఇంకా కోపం తగ్గలేదు, అక్షరదోషాలుంటే సర్దుకుని చదవండి. మన ఊళ్లో తక్కువ ధరకి ఇంగ్లీషు నవలలు అమ్మే ఆ ఇన్‌స్టా పేజీ మీకు తెలుసు. మన వాట్సాప్ గ్రూపులో ప్రతి శుక్రవారం పుస్తకాల ఫొటోలు పెట్టేది అతనే. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. అతని దగ్గర కొనకండి. కొనాల్సి వస్తే పుస్తకం తెరిచి చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

జరిగింది గబగబా చెప్పేస్తాను. మా అప్ప, అంటే అక్క, నరసన్నపేటలో ఉంటుంది. మోకాలి ఆపరేషన్ అయింది, ఎక్కువ తిరగొద్దన్నారు. టీవీ అంటే పడదు. "మంచి పుస్తకాలుంటే పట్టుకురావే, బుర్ర పాడైపోతోంది" అంది. నాలుగు పుస్తకాలు 899, డెలివరీ 80, మొత్తం 979 రూపాయలు ముందే ఫోన్‌పే చెయ్యమన్నాడు. చేశాను. డెలివరీకి డబ్బులు తీసుకున్నవాడు ఇంటికి రాలేదు. గురజాడ వారి ఇంటి దగ్గరికి రమ్మన్నాడు. వెళ్తే బండి కూడా దిగకుండా కవరు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. కన్యాశుల్కం రాసిన మనిషి ఇంటి ముందు నిలబడి దొంగ అచ్చు పుస్తకాలు తీసుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతోంది.

పుస్తకాలు ఏరింది నేనే. రిచర్డ్ ఆస్మన్ రాసిన 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' అప్ప కోసమే తీసుకున్నాను. 2020లో వచ్చింది. ఇంగ్లండులోని కెంట్‌లో పెద్దవాళ్లు ఉండే ఒక కాలనీ. అక్కడ ఎలిజబెత్, జాయిస్, ఇబ్రహీం, రాన్ అని డెబ్బై దాటిన నలుగురు గురువారం గురువారం కూర్చుని పాత హత్య కేసులు తిరగేస్తుంటారు. అంతలో వాళ్ల మధ్యే హత్య జరుగుతుంది. ఇలాంటివాటిని కోజీ మిస్టరీలు అంటున్నారు. నెత్తురు, నరకడాలు పేజీ మీద కనిపించవు. కేకులు, టీలు, ఇరుగుపొరుగు కబుర్లు, మధ్యలో ఒక శవం. జాయిస్ రాసుకునే డైరీ చదువుతుంటే మా వీధి చివర అరుగు మీద కూర్చుని అందరి సంగతులూ చెప్పే పెద్దమ్మే గుర్తొచ్చింది. ముసలితనాన్ని జాలిగా చూపించకుండా రాయడం నాకు చాలా నచ్చింది. మోకాలు కట్టుతో మంచం మీద ఉన్న మనిషికి ఇంతకన్నా మంచి పుస్తకం ఇవ్వలేననుకున్నాను. ఈ మధ్య వచ్చినవాటిలో నా ఓటు దీనికే.

మిగతా మూడూ నేను చదివి తర్వాత పంపుదామనుకున్నాను. వాటి సంగతి వినండి.

ఫ్రీడా మెక్‌ఫాడెన్ 'ది హౌస్‌మెయిడ్', 2022 నాటిది. జైలు నుంచి వచ్చిన మిల్లీ ఒక డబ్బున్నవాళ్లింట్లో పనికి చేరుతుంది. పైన అటక గది ఇస్తారు. ఆ గదికి తాళం బయటి నుంచి వేసుకునేలా ఉంటుంది. అది చదివాక పుస్తకం కింద పెట్టలేం. మలుపు ఎక్కడో చెప్పను, చెప్పకూడదు. రెండోసారి చదివే పుస్తకం మాత్రం కాదని నా అభిప్రాయం. పరుగుకే రాసిన పుస్తకం, పరుగు ఉన్నంతసేపూ బాగుంటుంది. సరిగ్గా ఆ పరుగులో ఉండగా ఒక ఫారం, అంటే 16 పేజీలు, రెండుసార్లు కుట్టేశారు. చదివిన పేజీలే మళ్లీ వస్తుంటే మొదట ఇది రచయిత్రి చేసిన తమాషా ఏమో అనుకున్నాను. కాదు. రెండోసారి వచ్చిన 16 చోట ఉండాల్సిన 16 పేజీలు లేనే లేవు.

తొషికాజు కవాగుచి 'బిఫోర్ ద కాఫీ గెట్స్ కోల్డ్' జపనీసులో 2015లో వచ్చింది, ఇంగ్లీషులో 2019లో. టోక్యోలో ఒక చిన్న కాఫీ హోటల్. అక్కడ ఒక కుర్చీలో కూర్చుంటే గతంలోకి వెళ్లొచ్చు, కాఫీ చల్లారేలోగా తిరిగి వచ్చెయ్యాలి. వెళ్లి ఏం చేసినా ఇప్పటి బతుకు మారదు. కొంచెం చెప్పిందే చెబుతాడు, నిజమే. కానీ అందులో ఒక నర్సు, మతిమరుపు జబ్బుతో ఆమెనే మర్చిపోతున్న భర్త, ఆయన ఇవ్వాలనుకున్న ఒక ఉత్తరం. మా అత్తగారికి చివరి రోజుల్లో ఆ జబ్బే. నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు" అనేవారు. అందుకే ఆ ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి దీపం దగ్గరికి జరిగి కూర్చున్నాను. పేజీ తిప్పితే తెల్లగా ఉంది. తర్వాతదీ తెల్లగానే ఉంది. ఒక మూల సిరా మరక, అంతే. వెలుతురుకి ఎత్తి పట్టుకుని కూడా చూశాను, ఏమైనా కనిపిస్తుందేమోనని.

నాలుగోది ఫ్రెడ్రిక్ బాక్‌మన్ 'ఎ మ్యాన్ కాల్డ్ ఓవె'. పేజీలన్నీ ఉన్నాయి, అచ్చు వెలిసిపోయింది. చిరచిరలాడే ఆ 59 ఏళ్ల మనిషిని కళ్లు చికిలించుకుని చదివాను, తలనొప్పి వచ్చినా పూర్తిచేశాను.

అప్పుడు గుండె ఝల్లుమంది, అప్ప దగ్గరున్న పుస్తకం మాటేమిటని. ఫోన్ చేశాను. ముప్పావు వంతు అయిపోయిందట, హంతకుడు ఎవరో రోజుకొక పేరు అనుకుంటోందట. "చివర ఒకసారి చూడు, కానీ చదవకు" అన్నాను. అట్ట వైపు నుంచి తెరిచి, అక్షరాలకి చెయ్యి అడ్డం పెట్టి, కింద పేజీ నంబర్లు మాత్రం చదివి చెప్పింది. ఆఖరి వాక్యం సగంలో ఆగిపోయింది. ఆఖరి ఫారం లేదు.

హత్య కథలో ఆఖరి ఫారం లేకపోతే ఇంకేముంది చెప్పండి!

గ్రూపులోనే పెట్టాను, మర్యాదగానే. ఫొటోలు కూడా పెట్టాను. "తమ్ముడూ, మూడు పుస్తకాల్లో పేజీలు సరిగ్గా లేవు, మార్చి ఇవ్వు, లేదా డబ్బు వెనక్కి ఇవ్వు" అని. గంట తర్వాత బదులు వచ్చింది. "తొమ్మిది వందలకి నాలుగు పుస్తకాలు ఇచ్చాను మేడం, ఇంకేం కావాలి. మీకు కావాల్సింది ఎండింగే కదా" అని రాసి, దాని కిందే ఎవరు ఎవరిని చంపారో పేర్లతో సహా రెండు లైన్లలో పెట్టేశాడు. 200 మంది పైన ఉన్న గ్రూపులో. ఆ గ్రూపులో మా అప్ప కూడా ఉంది.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి అనుకునేవాళ్లకి ఒక మాట చెప్పాలి. మా చిన్నప్పుడు ఊళ్లో అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చుకుని, పొద్దుటి పూట అప్ప, సాయంత్రం నేను, వంతులు వేసుకుని చదివేవాళ్లం. ఎవరు చంపారో ఒకరికొకరు చెప్పుకోకూడదని ఒట్టు. ఒకసారి ఒక పుస్తకంలో ఎవడో మధ్య పేజీ అంచున పెన్సిల్‌తో 'వీడే' అని రాసి పేరు చుట్టూ సున్నా చుట్టాడు. అప్ప అది చూసేసింది. నాకు ఇచ్చేముందు అన్నం మెతుకుతో దాని మీద చిన్న కాగితం ముక్క అంటించి ఇచ్చింది. తను పోగొట్టుకున్నది నేను పోగొట్టుకోకూడదని. అలాంటి మనిషికి, మంచం మీద నుంచి లేవలేని రోజుల్లో, ఉన్న ఆ ఒక్క సరదా కూడా వాడు రెండు లైన్లతో తీసేశాడు.

గ్రూపు అడ్మిన్ ఆ మెసేజ్ తీసేసరికి అరగంట అయింది. అప్ప అప్పటికే చూసేసింది. రాత్రి ఫోన్ చేసి, "తెలిసిపోయిందే. ఇంకేటి చదువుతాను చెప్పు" అంది. నా మీద కోపం లేదు, నన్నే ఓదార్చింది. నాకు అదే తట్టుకోలేనిదయింది.

తప్పు నాది కూడా ఉంది. అసలు ప్రతులు ఒక్కోటీ నాలుగైదు వందలు పలుకుతుంటే నాలుగూ 899కి ఎలా వస్తాయని అడగలేదు. మన ఊరివాడే కదా అనుకున్నాను. కవరు అక్కడే విప్పి చూసి ఉంటే ఆ పలచటి కాగితం, వెనక పేజీ అక్షరాలు ఇటు కనిపించడం, వెన్ను మీద పక్కకి జరిగిన పేరు, చెరిగినట్టున్న బార్‌కోడ్ అన్నీ కనపడేవి. అప్పకి ఇచ్చేముందు ఒకసారి తిరగెయ్యలేదు. రచయితకి పైసా వెళ్లని పుస్తకం కొన్నానన్నది వేరే బాధ. నచ్చిన రచయితలకి నేను చేసిన మర్యాద ఇదా అనిపిస్తోంది.

ఫోన్ చేస్తే ఎత్తలేదు, తర్వాత బ్లాక్ చేశాడు. ఈ రోజు పొద్దున్న వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, చాట్, పేజీల ఫొటోలు దాచి ఉంచాను, మీరూ ఏదీ చెరపకండి. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. దొంగ అచ్చు అమ్మడం 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద నేరం, 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు. అది అతనికీ తెలియాలి.

కొనేవాళ్లు డబ్బు ముందు పంపకండి. చేతికి వచ్చాక అక్కడే పేజీ నంబర్లు గబగబా తిప్పి చూడండి, ఆఖరి పేజీ ఉందో లేదో చూడండి, అక్షరాలు చదవకుండా. ఇంకొకటి, దయచేసి అతని మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసుకున్నవాళ్లు ఎవరికీ పంపకండి. ఆ పుస్తకం ఇంకా చదవనివాళ్లు గ్రూపులో ఉన్నారు.

అతని దగ్గర ఇంకెవరైనా ఇలా మోసపోయి ఉంటే కింద రాయండి, ఫిర్యాదులో కలుపుదాం. నా 979 రూపాయలు ఇంకా రాలేదు. అప్ప కోసం అదే వరసలో రెండో పుస్తకం, 'ది మ్యాన్ హూ డైడ్ ట్వైస్', అసలు ప్రతి షాపులో చూసి మరీ కొన్నాను. ఆఖరి పేజీ ఉంది. శనివారం బస్సెక్కి నేనే ఇచ్చి వస్తాను.