రెండు పైపుల పాత ఆక్వా మాస్టర్‌తో గోపాల్‌పూర్‌లో డైవింగ్, నా రివ్యూ

యూఎస్ డైవర్స్ డీఏ ఆక్వా మాస్టర్, 60ల నాటి రెండు పైపుల రెగ్యులేటర్ ఇది, అంటే నీళ్ళ కింద వీపు మీది సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే పరికరం. బాగుచేయించి ఈ శీతాకాలం వాడాను, ముందు బరంపురంలో స్విమ్మింగ్ పూల్‌లో, నమ్మకం కుదిరాక ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌లో అలలు దాటి పడవ మీంచి. స్కూబా వచ్చినవాళ్ళు ఒక్కసారైనా దీంతో దిగి చూడాల్సిందే.

ఇప్పటి రెగ్యులేటర్లలో వదిలిన గాలి నోటి దగ్గరే బుడగలై చెవుల పక్కనుంచి గడగడమంటూ పోతుంది కదా, ఇందులో ఊపిరి ఎడమ పైపులోంచి వెనక్కెళ్ళి వీపు మీద రెక్క ఎముకల మధ్య ఉండే గుండ్రటి డబ్బాలోంచి బయటికొస్తుంది, మొహం ముందు ఒక్క బుడగ ఉండదు. మా గోపాల్‌పూర్ నీళ్ళు తేటగా ఉండవు, మంచి రోజున కూడా రెండు మూడు బారల దూరం కనిపిస్తే గొప్ప, అలాంటిచోట చేపే మన దగ్గరికి రావాలి. దీంతో కదలకుండా ఉంటే మాస్క్ దాకా వచ్చేస్తున్నాయండీ, ఆ ఆనందం చెప్తే చాలదు! పడవ తాత అయితే "ఏటి బాబూ ఈ పైపులు" అని మొదట భయపడ్డారు, ఇప్పుడు ఆయనే వాటిని మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేస్తున్నారు.

ఆ డబ్బాలో గాలి బయటికిచ్చే రబ్బరు మూతి డయాఫ్రం (నీటి ఒత్తిడికి కదిలి గాలి వదిలే పలచటి పొర) పక్కనే ఉంటుంది, కిటుకంతా అదే. 1943లో ఫ్రెంచ్ నౌకాదళ అధికారి కూస్తో ఈ రకం రెగ్యులేటర్ మొదటి నమూనాని ఫ్రాన్స్‌లోని మార్న్ నదిలో పరీక్షిస్తే నిలబడితే గాలి ఊరికే పోయేదట, తలకిందులైతే ఊపిరి అందేది కాదట, ఆయనా ఇంజనీర్ గాన్యా కలిసి ఆ మూతినీ డయాఫ్రంనీ ఒకే ఎత్తులోకి తెచ్చాక కుదిరింది.

ఇబ్బందులూ ఉన్నాయి. బోర్లా ఈదుతుంటే డబ్బా మన ఊపిరితిత్తుల కన్నా పైన ఉంటుంది, అక్కడ నీటి ఒత్తిడి తక్కువ కాబట్టి గాలి కాస్త గట్టిగా లాగాలి, వెల్లకిలా తిరిగితే దానంతటదే వచ్చేస్తుంది. మౌత్‌పీస్ నోట్లోంచి జారి పైపుల్లో నీళ్ళు చేరితే ఎడమవైపుకి దొర్లి ఊదాలి, ఇది పూల్‌లోనే బాగా అలవాటు చేసుకోవాలి. గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ పెట్టుకోడానికి, ఆక్టోపస్ (జోడీ డైవర్‌కి గాలివ్వడానికి ఉండే అదనపు మౌత్‌పీస్) తగిలించడానికి చోటు లేదు. ఆ రోజుల్లో జే వాల్వ్ సిలిండర్‌నే నమ్ముకునేవారు, గాలి బిగుసుకోగానే పక్కనున్న కడ్డీ కిందకి లాగితే మిగిలిన కొంచెం గాలి వస్తుంది, దాంతో పైకి వచ్చేయాలి. నేనైతే పక్కన చిన్న సిలిండర్‌కి కొత్త రెగ్యులేటర్ పెట్టుకునే దిగుతున్నా, జోడీ డైవర్ లేకుండా అసలు దిగను.

కొనేవాళ్ళకి ఒక్క మాట, ఇన్నేళ్ళ రబ్బరు పైకి బాగానే కనిపించినా మడతల్లో పగిలి ఉంటుంది. పైపులు, డయాఫ్రం, ఆ రబ్బరు మూతి సిలికాన్‌వి కొత్తవి దొరుకుతున్నాయి, అవి వేయించి, సిలిండర్‌కి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) చేయించాకే నీళ్ళలోకి తీసుకెళ్ళండి.