మూడేళ్లు వాడాక ఈ వాలెట్ గురించి: పంపే స్క్రీన్‌లో రాసిన మాటలు

ఈ క్రిప్టో వాలెట్ యాప్‌ని మూడేళ్లుగా వాడుతున్నాను. రేట్ల చార్టులు, రంగులు నాకంత పట్టింపు లేదు. నేను చెప్పాలనుకున్నదంతా డబ్బు పంపే స్క్రీన్ గురించి, అక్కడ రాసి ఉండే నాలుగు మాటల గురించి.

మొదటి ఏడాదే దెబ్బ తిన్నాను. ఒక ఎక్స్ఛేంజ్‌లో (క్రిప్టో కొని అమ్ముకునే కంపెనీలో) ఉన్న నా ఖాతాకే ఎక్స్‌ఆర్‌పీ అనే క్రిప్టో కాయిన్ పంపుతున్నాను. అడ్రస్ కింద ‘డెస్టినేషన్ ట్యాగ్, ఆప్షనల్’ అని ఇంకో గడి ఉంది. ఆప్షనల్ అన్నారు కదా అని ఖాళీగా వదిలేశాను. ఎక్స్ఛేంజీలు సాధారణంగా కస్టమర్లందరికీ ఒకే ఎక్స్‌ఆర్‌పీ అడ్రస్ ఇస్తాయని, వచ్చిన డబ్బు ఎవరిదో ఆ ట్యాగ్ నంబర్‌ని బట్టే పోల్చుకుంటాయని నాకు అప్పుడు తెలియదు. డబ్బు వాళ్లకి చేరింది, నా ఖాతాలో మాత్రం పడలేదు. వివరాలన్నీ పంపి, మళ్లీ మళ్లీ రాసి రాబట్టుకునేసరికి మూడు వారాలు పట్టింది. ఎంత టెన్షన్ పడ్డానో! ఎవరి సొంత వాలెట్‌కైనా పంపేటప్పుడు ట్యాగ్ అక్కర్లేదు, కాబట్టి ‘ఆప్షనల్’ అనడం పూర్తిగా అబద్ధం కాదు. కానీ నేను చేస్తున్న పనికి అది తప్పుడు మాటే.

తర్వాత ఒక అప్‌డేట్‌లో ఆ గడి మారింది. ఇప్పుడు ముందుగా ‘ఎక్స్ఛేంజ్ ఖాతాకి పంపుతున్నారా?’ అని అడుగుతుంది. అవునంటే ‘వాళ్లిచ్చిన ట్యాగ్ నంబర్ వేయండి, లేకపోతే డబ్బు మీ ఖాతాలో పడకపోవచ్చు’ అంటుంది. నంబర్ వేసేదాకా ముందుకి వెళ్లనివ్వదు. ఈ ప్రశ్న రాసినవాళ్లకి నిజంగా దండం పెట్టాలి.

ఫీజు విషయమూ బాగుపడింది. ఇదివరకు ఇథీరియం నెట్‌వర్క్‌లో యూఎస్‌డీటీ (డాలర్ విలువకి కట్టిన కాయిన్) పంపబోతే ‘గ్యాస్ చాలదు’ అని ఆగిపోయేది. గ్యాస్ అంటే నెట్‌వర్క్ ఫీజు. ఖాతాలో యూఎస్‌డీటీ కావలసినంత ఉంటే ఏం చాలలేదో అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ‘ఇథీరియం నెట్‌వర్క్ ఫీజు ఈథర్‌లోనే కట్టాలి, మీ దగ్గర ఈథర్ లేదు’ అని విడమర్చి చెబుతుంది. బిట్‌కాయిన్ పంపగానే ‘సక్సెస్’ అనడం కూడా మానేసింది. లావాదేవీలు నమోదయ్యే కొత్త బ్లాక్ రావడానికే సగటున 10 నిమిషాలు పడుతుంది కాబట్టి ‘పంపాం, ఇంకా ఖరారు కాలేదు’ అన్నదే సరైన మాట.

ఒక్కటి మాత్రం ఇంకా మారలేదు. చివరి స్క్రీన్‌లో అడ్రస్ మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలే చూపించి మధ్యలో చుక్కలు పెడుతుంది. ఇథీరియం అడ్రస్‌లో మొత్తం 42 అక్షరాలుంటాయి. మోసగాళ్లు మనం ఇదివరకు పంపిన అడ్రస్‌తో సరిగ్గా ఈ రెండు కొసలూ కలిసేలా వేరే అడ్రస్ తయారుచేసి, దాని నుంచి సున్నా విలువ లావాదేవీ ఒకటి పంపుతారు. మనం పాత హిస్టరీలోంచి దాన్ని కాపీ చేసుకుంటామని వాళ్ల ఎదురుచూపు. అడ్రస్ మొత్తం నాలుగేసి అక్షరాల చొప్పున విడదీసి చూపించమని రెండుసార్లు రాశాను. అది వచ్చేదాకా నాలుగు స్టార్లే ఇస్తాను. కొత్త అడ్రస్ అయితే ముందు చిన్న మొత్తం పంపి, చేరిందని అవతలివాళ్లు చెప్పాకే మిగతాది పంపుతున్నాను.