లెంకోకి రెండో ఆర్మ్: నాలుగేళ్లు వాడాక

లెంకో అంటే మా టర్న్‌టేబుల్, ప్లేట్లు తిప్పే యంత్రం. ఆర్మ్ అంటే దాని మీద సూదిని మోసే చెయ్యి. మా ఇంట్లో గ్రామఫోన్ ప్లేట్లు రెండు రకాలు. తాతగారి నుంచి వచ్చిన లక్క ప్లేట్లు రెండు వందల పైచిలుకు. నాటక పద్యాలు, హరికథలు, పాత సినిమా పాటలు, అన్నీ 78 స్పీడువే (నిమిషానికి 78 చుట్లు). నేను కొనుక్కున్న ఎల్పీలు (33 స్పీడు పెద్ద ప్లేట్లు) ఇంకో మూడు వందలు. ఈ రెండింటికీ ఒకే సూది కుదరదు. స్టీరియో ఎల్పీకి మొన వ్యాసార్ధం 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉంటే చాలు, 78 గాడికి సుమారు 3 మిల్ కావాలి. సన్న సూదిని 78 మీద పెడితే గాడి అడుక్కి దిగి అక్కడి మట్టినంతా గీరుకుంటూ పోతుంది. పద్యం కన్నా బరబరే ఎక్కువ వినిపిస్తుంది.

కార్ట్‌రిడ్జ్ (సూది ఉండే చిన్న డబ్బీ) మార్చుకుంటే సరిపోదా అంటే, సరిపోతుంది. నేనూ చాలాకాలం అదే చేశాను. హెడ్‌షెల్ (ఆర్మ్ కొసన కార్ట్‌రిడ్జ్ బిగించే తల) తీసి ఇంకోటి పెట్టడం నిమిషం పని. ఆ తర్వాత వెనక బరువు జరపాలి, గ్రాముల త్రాసు మీద చూసుకోవాలి, పక్కకి లాగే బలాన్ని సరిదిద్దాలి. అంతా అయ్యేసరికి కాఫీ చల్లారిపోయేది, పద్యం మీద మోజూ తగ్గిపోయేది. చివరికి 78లు ఏడాదికోసారి, ఎవరైనా చుట్టాలొచ్చి అడిగితేనే బయటికొచ్చేవి. రెండో ఆర్మ్ ఆలోచన అందుకు పుట్టింది, ధ్వని కోసం కాదు.

టర్న్‌టేబుల్ లెంకో ఎల్75. స్విట్జర్లాండ్‌లో బుర్గ్‌డార్ఫ్ అనే ఊళ్లో తయారైంది. బెర్న్ దగ్గర ఉద్యోగం చేసే మా బావమరిది రెండు విడతల్లో మోసుకొచ్చాడు. ప్లాటర్ (ప్లేటు పెట్టే పళ్లెం) ఒక్కటే దగ్గర దగ్గర 4 కిలోలు మరి. ఇక్కడా 50 హెర్ట్జ్ కరెంటే కాబట్టి మోటారుతో పేచీ రాలేదు. 78లు వినేవాళ్లకి ఈ యంత్రం మీద ఉన్న ప్రేమకి కారణం దాని స్పీడు మీట. 33, 45 అని గంతులు వెయ్యదు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. పేరుకి 78 అయినా పాత ప్లేట్లన్నీ సరిగ్గా 78కే రికార్డు చెయ్యలేదు. నాటక పద్యమైతే వెనక హార్మోనియం ఎలాగూ ఉంటుంది. మా ఇంటి హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టుకుని, రెండూ కలిసేదాకా మీట జరుపుతాను. శాస్త్రీయం అనను గానీ, ముక్కుతో పాడుతున్నట్టున్న గొంతు ఒక్కసారిగా మనిషి గొంతవుతుంది. ఎల్పీలకి మాత్రం గీతల చక్రం (స్పీడు సరిగ్గా ఉంటే గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనిపించేది) చూసే సరిచేస్తాను. ఆ గీతలు ఎల్‌ఈడీ బల్బు కింద సరిగా నిలబడలేదు. చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు ఒకటి ఇందుకోసమే ఉంచుకున్నాను, ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

మొదట చేసిన తప్పు విడిగా నిలబడే పాడ్ కొనడం. ఇత్తడి దిమ్మ, దాని మీద ఆర్మ్. కొయ్యపని అక్కర్లేదు కదా అని మురిసిపోయాను. ఐదు కిలోల దిమ్మ ఎక్కడికి పోతుందనుకున్నాను గానీ, దుమ్ము తుడిచినప్పుడల్లా వెంట్రుకవాసి జరిగేది. స్పిండిల్ (ప్లేటు మధ్య కంతలో దూరే పుల్ల) నుంచి ఆర్మ్ ఇరుసుకి ఉండాల్సిన దూరంలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా ప్లేటు పక్క చివరికి వచ్చే పాటల్లో 'స', 'ష' పలికేచోట బుస మొదలవుతుంది. ఆర్నెల్లు కొలుస్తూనే గడిపి, పాడ్‌ని అటకెక్కించాను.

తర్వాత కొత్త ప్లింత్ (యంత్రం కూర్చునే కొయ్య పీట) చేయించాను. ప్లైవుడ్ పొరలు అతికించి చుట్టూ టేకు చట్రం, 62 సెంటీమీటర్ల పొడవు, 52 వెడల్పు. చూస్తే పెళ్లిపీటలా ఉంటుంది. నా దగ్గరున్న రెండో ఆర్మ్, రేగా ఆర్‌బీ300కి ఇరుసు దూరం 222 మిల్లీమీటర్లు. లెంకో రేకు దాటి కొయ్యలోకి వెళ్తే తప్ప ఆ దూరం అందదు. "ఇరవై రెండు సెంటీమీటర్లు పెట్టేస్తే పోదా సార్?" అన్నాడు వడ్రంగి. పోదు. ఆయన్ని నమ్మించలేక, ఆర్మ్ కూర్చునే ముక్కని విడిగా చేయించి, స్క్రూల దగ్గర కాస్త పొడుగు కంతలు పెట్టించాను. బిగించే ముందు అటూ ఇటూ జరుపుకోవచ్చు. మొత్తం పనిలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. అట్టముక్కతో ఆర్మ్ ఆకారం కత్తిరించి ముందే తిప్పి చూడటం కూడా మంచిదైంది. మొదట గీసిన చోట వెనక ఆర్మ్ తల వెళ్లి ముందు ఆర్మ్ బరువుకి తగులుతోంది. అదే 222 వృత్తం మీద ఎడమకి కొంచెం జరిగితే తప్పింది.

ఏ ఆర్మ్ ఎక్కడ? తెలిసినవాళ్లందరూ మంచి ఆర్మ్ ముందుండాలి, 78ది వెనక్కి పోవాలి అన్నారు. నేను తిరగేశాను, నాలుగేళ్ల తర్వాతా అదే సరైనదంటాను. 78 ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలు. ఎల్పీ ఇరవై. మాటిమాటికీ చెయ్యి పెట్టాల్సింది దేనికో అది దగ్గరుండాలి. అందుకే లెంకో సొంత ఆర్మ్ ముందు, దానికి షూర్ ఎం44 కార్ట్‌రిడ్జ్, 3 మిల్ సూది, 3 గ్రాముల బరువు. ఆ ఆర్మ్ ఇరుసు కింది రబ్బరు దిమ్మలు ఇన్నేళ్లకి గట్టిపడి పొడయ్యాయి, కొత్తవి వెయ్యాల్సొచ్చింది. బరువైన ఆర్మ్, వంకరపోయిన లక్క ప్లేటు మీద కూడా పడవలా ఊగుతూ వెళ్తుంది గానీ ఎగిరిపడదు. ఎల్పీల రేగా వెనక.

వెనకదాన్ని ప్లాటర్ మీదుగా చెయ్యి చాపి తియ్యకండి. రెండో నెలలో నా చొక్కా చేతి అంచు ముందు ఆర్మ్‌కి తగిలి సూది వంగింది. ఇప్పుడు బల్ల ఎడమ పక్కకి నడిచి వెళ్లి తీస్తాను. వెనక మూల చీకటిగా ఉంటుంది కాబట్టి చదువుకునే లైటు ఒకటి పెట్టాను.

హమ్ (కరెంటు రొద) సంగతి. రెండు ఆర్మ్‌లూ కలపగానే గదంతా తుమ్మెద. రేగాకి వేరే ఎర్త్ తీగ ఉండదు, ఎడమ ఛానల్ ఎర్త్‌తోనే కలిసి ఉంటుంది. అది చూసుకోకుండా దానికి ఇంకో ఎర్త్ కట్టాను, తప్పు నాదే. ఆ తీగ తీసేసి, లెంకో రేకు ఎర్త్ ఒక్కటే ఆంప్లిఫయర్‌కి పోనిచ్చాక నిశ్శబ్దం. ఆంప్లిఫయర్‌కి రెండు ఫోనో ఇన్‌పుట్‌లుంటే (టర్న్‌టేబుల్ తీగ కలిపే చోట్లు) అదృష్టం. లేకపోతే స్విచ్ పెట్టె కొనాలి. 78 వినేటప్పుడు మోనో మీట (రెండు ఛానళ్లనీ ఒకటి చేసేది) నొక్కితే గరగర సగం పోతుంది. ప్లేటు మీద బాస్, ట్రెబుల్ ఏ పాళ్లలో ఉండాలో చెప్పే, 1954లో వచ్చిన ఆర్‌ఐఏఏ పద్ధతికి ముందటి ప్లేట్లు కాబట్టి బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతాను.

ఎల్పీల ధ్వని మెరుగైందా? అయింది, అది రేగా గొప్పే. ఆ ఆర్మ్ ఒక్కటే పెట్టుకున్నా అంతే మెరుగయ్యేది. మీ దగ్గర 78లు ముప్ఫై, నలభై ఉంటే ఈ తంటా వద్దు. రెండో హెడ్‌షెల్, చిన్న త్రాసు కొనుక్కోండి. నాలా వందల్లో ఉంటే మాత్రం లెక్క వేరు. పోయిన ఏడాది పెట్టెలో అడుగునున్న హరికథలు కూడా విన్నాను. కొన్నిటి కాగితం కవర్లు తాతగారి తర్వాత నేనే విప్పాను.

ఒక్క లోటు, మూత. రెండు ఆర్మ్‌ల మీద పట్టే మూత బజార్లో దొరకదు, అద్దంతో చేయిస్తే ఎత్తలేం. ప్రస్తుతానికి పాత నేత పంచె కప్పుతున్నాం. కప్పేటప్పుడూ తీసేటప్పుడూ రెండు ఆర్మ్‌ల క్లిప్పులూ పడ్డాయో లేదో చూసుకోవాలి.