బ్యాటరీ లేని తేమ మీటరు: 22 కుండీల మధ్య ఒక ఏడాది

హైదరాబాద్‌లో మా బాల్కనీ పడమటి వైపు ఉంటుంది. అక్కడ గులాబీ, మందారం, మల్లె, తులసి, కరివేపాకు, రెండు పెద్ద డ్రమ్ముల్లో నిమ్మ, జామ కలిపి 22 కుండీలున్నాయి. ఏ మొక్కకు ఎన్నాళ్లకొకసారి నీళ్లు పోయాలో ఒక పరికరమే చెప్పేస్తుందన్న ఆశతో, గత ఏడాది మార్చిలో 349 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక తేమ మీటరు కొన్నాను. తేమ, వెలుతురు, పీహెచ్ (మట్టి పులుపా క్షారమా అన్న కొలత) మూడూ చూపిస్తుందని డబ్బా మీద రాసి ఉంది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం దాటాయి కనుక ఇప్పుడు దాని గురించి కాస్త ధైర్యంగా రాయగలను.

ఆకుపచ్చ ప్లాస్టిక్ తల, కింద 20 సెంటీమీటర్ల పొడవున్న రెండు లోహపు కడ్డీలు, 1 నుంచి 10 వరకు అంకెల మీద తిరిగే ముల్లు, ఇంతే దాని స్వరూపం. 1 నుంచి 3 వరకు ఎరుపు రంగు, అంటే పొడి. 8 నుంచి నీలం, అంటే తడి. కడ్డీలు రెండూ వేర్వేరు లోహాలతో చేసినవి కావడంతో, తడి మట్టిలో గుచ్చినప్పుడు వాటి మధ్య పుట్టే కొద్దిపాటి కరెంటే ముల్లును కదుపుతుంది, అందుకే బ్యాటరీ అక్కర్లేదు. మీటరు కొలిచేది ఆ కరెంటును మాత్రమే. దాన్నిబట్టి తేమ ఇంత ఉందనుకోవడం మన లెక్క. ఈ సంగతి తెలుసుకునేలోపు నాకు ఒక కరివేపాకు మొక్క ఖర్చయింది, ఒక గులాబీ పోయినంత పనయింది.

కరివేపాకును కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువగా కలిపిన తేలికపాటి మిశ్రమంలో నాటాను. అలాంటి గుల్ల మిశ్రమంలో కడ్డీలకు మట్టి సరిగ్గా అంటుకోదు కనుక, లోపల తడి ఉన్నా ముల్లు 2 దగ్గరే ఆగేది. మీటరుతో పాటు వచ్చిన కాగితంలో ఎరుపు వస్తే నీళ్లు పోయమని ఉంది, నేను పోస్తూ పోయాను. మూడు వారాలకు ఆకులు పండి రాలడం మొదలైంది. కుండీ బోర్లించి చూస్తే వేళ్లు గోధుమరంగుకు తిరిగి, వేలితో నలిపితే జారిపోతున్నాయి.

గులాబీ కథ దీనికి సరిగ్గా తిరగబడింది. నీటిలో కరిగే 19:19:19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) లీటరుకు 2 గ్రాముల చొప్పున కలపాల్సి ఉండగా, నేను నిండు టీ చెంచాడు వేశాను, అంటే 5 గ్రాముల దాకా పడి ఉంటుంది. ఆ తర్వాత నాలుగు రోజులు మీటరు 8 చూపిస్తూనే ఉండటంతో, మే నెల ఎండలో నీళ్లు పోయకుండా ఊరుకున్నాను. ఆకుల అంచులు కాల్చిన కాగితంలా గోధుమరంగుకు మారాయి. ఎరువు అంటే లవణాలే కదా, అవి ఎక్కువైనకొద్దీ కరెంటు తేలిగ్గా పారి ముల్లు పైకి లేస్తుంది. తర్వాత అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా అరగంటకొకసారి మూడు విడతలు నీళ్లు పోసి, ఆ లవణాలను కడిగేశాకనే కొత్త చిగుళ్లు వచ్చాయి.

ఈ అనుమానం తీర్చుకోవడానికి వంటింట్లో మూడు గ్లాసులు పెట్టి చూశాను. ఫిల్టరు నీళ్లలో ముంచితే ముల్లు సగం దాకా కూడా రాలేదు, బోరు నీళ్లలో చాలా పైకి వెళ్లింది, అదే ఫిల్టరు నీళ్లలో చిటికెడు ఉప్పు వేయగానే చివరి అంకెకు పోయి కొట్టుకుంది. మూడు గ్లాసుల్లోనూ ఉన్నవి నీళ్లే! మీరు కొంటే ముందు ఈ పరీక్ష చేసుకోండి, ముల్లు ఎంతవరకు నమ్మదగినదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

పీహెచ్ మీట అలంకారమే. ఏ కుండీలో గుచ్చినా 7 దగ్గరే నిలబడింది, నిమ్మకాయ రసం పోసిన మట్టిలో కూడా పెద్దగా కదలలేదు. వెలుతురు సంగతి కళ్లతోనే తెలుస్తుంది. ఎరువు ఎప్పుడు వేయాలో చెప్పే అంకె ఈ మీటరులో లేదు; మట్టి సారం చూపిస్తామని అమ్మే రకాలు కూడా ఈ లవణాల కరెంటునే వేరే పేరుతో చూపిస్తాయి కనుక, వాటికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

మరి ఇప్పుడు నీళ్లు ఎలా పోస్తున్నానంటే, ఇడ్లీ ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూసినట్టు, కుండీలో చీపురుపుల్ల గుచ్చి పది నిమిషాలు ఉంచి తీస్తాను. మట్టి అంటుకుని వస్తే ఆ రోజుకు నీళ్లు లేవు. మే నెలలో 10 అంగుళాల మట్టి కుండీలో మల్లెకు పొద్దునా సాయంత్రమూ పోయాల్సి వచ్చింది. అదే కొలత ప్లాస్టిక్ కుండీకి ఒకపూట సరిపోయింది, ఎందుకంటే మట్టి కుండీ గోడల నుంచి కూడా నీరు ఆరిపోతుంది. డిసెంబరులో గులాబీకి రోజు విడిచి రోజు, హాల్లో ఉన్న మనీప్లాంటుకు వారం పది రోజులకొకసారి చాలు. వానాకాలంలో కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయడమే అసలు పని.

ఎరువుకు మాత్రం క్యాలెండరే మేలు. పూలు, కాయలు వచ్చే మొక్కలకు పెరుగుదల ఉన్న కాలంలో 15 రోజులకొకసారి 19:19:19 పలుచగా, నెలకొకసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు, అప్పుడప్పుడు వేపపిండి వేస్తున్నాను. పొడి మట్టిలో ఎరువు నీళ్లు పోస్తే వేళ్లు కాలుతాయి కనుక ముందు మామూలు నీళ్లు పోయాలి. కొత్తగా కుండీ మార్చిన మొక్కకు నెల రోజులు ఎరువు వేయను, రోహిణీ కార్తెలో ఏ మొక్కకూ వేయను. మా బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కట్టినప్పుడల్లా గులాబీకి చేసినట్టే కడుగుతాను.

ఇంతా చెప్పి మీటరును పారేయలేదు. నిమ్మ, జామ డ్రమ్ములు లోతైనవి. పైన నాలుగు వేళ్ల మట్టి ఎండి బీటలు వారినా అడుగున తడి ఉంటుంది, అంతవరకు వేలు అందదు, పుల్ల విరిగిపోతుంది. అక్కడ ఈ మీటరు నిజంగా పనికొస్తుంది, ఒకే మట్టిలో పోయిన వారానికీ ఈ వారానికీ తేడా చూసుకుంటే చాలు, అంకె ఎంతన్నది పట్టించుకోనక్కర్లేదు. గుచ్చిన ప్రతిసారీ కడ్డీలు తుడిచి పెట్టాలి. ఒక రాత్రి మట్టిలోనే మరిచిపోతే మర్నాటికి నల్లబడ్డాయి, గిన్నెలు తోమే పీచుతో రుద్దితే గానీ ముల్లు కదల్లేదు. చిన్న కుండీలే ఉన్నవారికి ఆ 349 రూపాయలతో ఒక వర్మీకంపోస్టు సంచి మేలు. పెద్ద డ్రమ్ములున్నవారు కొనేటప్పుడు కడ్డీ పొడవు చూసుకోవాలి, 20 సెంటీమీటర్ల కంటే పొట్టిదైతే అడుగు తడిని అందుకోలేదు.